అంబాసిడర్ ఆయిల్ తాగుతోందా? హెడ్ దింపే ముందు, దింపాక చేసే పరీక్షలు

పొద్దున్నే స్టార్ట్ చేయగానే వెనకాల నీలం పొగ గుప్పుమంటుంది. రెండు నిమిషాల్లో మాయమైపోతుంది. వారం తిరిగేసరికి డిప్‌స్టిక్ మీద ఆయిల్ వేలెడు కిందకి దిగి ఉంటుంది. పాత అంబాసిడర్ ఉన్నవాళ్లకి ఇది తెలిసిన బాధే. షెడ్డుకి తీసుకెళ్తే వినిపించే మాట కూడా తెలిసిందే: "బోరు అయిపోయింది సార్, ఇంజన్ దించాలి." బోరు అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, అది అరిగిపోయిందని వాళ్ల మాట.

నాకూ అదే చెప్పారు. నమ్మి బోరు కొట్టించి, పిస్టన్లు, రింగులు కొత్తవి వేయించాను. చేతిలో డబ్బులు అయిపోయాయి, పొగ మాత్రం అలాగే మిగిలింది. ఆ తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద చాలా ఏళ్లు పనిచేసిన ఒక బాబాయ్ దగ్గరికి వెళ్తే, బండి వైపు చూడకుండానే అడిగాడు: "పొగ ఎప్పుడొస్తది? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?" దిగేటప్పుడు అన్నాను. "అయితే పైనుంచి తాగుతోంది. కింద ఎందుకు విప్పావ్?"

ఆ ఒక్క ప్రశ్న ముందే నన్ను నేను అడిగి ఉంటే బోరు ఖర్చు మిగిలేది. అందుకే ఈ మార్గదర్శిలో మరమ్మతు కంటే పరీక్షలకే ఎక్కువ చోటిచ్చాను.

ఇది ఏ ఇంజన్ గురించి

1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి సిరీస్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోనూ, ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఇదే కుటుంబం ఇంజన్ ఉండేది. తొలి అంబాసిడర్లలో ఉన్నది 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్. అందులో వాల్వులు సిలిండర్ పక్కన, కాడలు కిందకి ఉండేలా నిలబడతాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పెట్టిన 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కూడా సైడ్ వాల్వ్ బండే. ఆ పద్ధతిలో ఆయిల్ దానంతటది జారి పోర్టులో (సిలిండర్‌లోకి గాలి వచ్చే, పొగ పోయే దారిలో) పడదు, కిందకే పోతుంది. వాల్వులు తలకిందులై హెడ్ (సిలిండర్ల పైన మూతలా బిగించే భాగం) మీదకెక్కాక కథ మారింది. ఆయిల్ పైన, పోర్టు కింద, మధ్యలో వాల్వ్ కాడ ఆడే ఒక సన్నటి గొట్టం, అదే గైడ్.

ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లకి కూడా ఇక్కడి పరీక్షలు పనికొస్తాయి. కొలతలు మాత్రం మీ బండి సర్వీస్ పుస్తకంలోవే తీసుకోండి.

ఆయిల్ ఎందుకు జారుతుంది

వాల్వ్ కాడకీ గైడ్‌కీ మధ్య కొంత ఖాళీ ఉండాలి, లేకపోతే వేడికి పట్టేస్తుంది. ఈ కుటుంబం ఇంజన్లలో ఇన్‌లెట్ వాల్వ్‌కి సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర థౌ, ఎగ్జాస్ట్‌కి రెండు నుంచి మూడు థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.025 మి.మీ.

ఇన్‌లెట్ గైడ్‌కి కింది వైపు మానిఫోల్డ్ వాక్యూమ్ (ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టంలోని పీల్పు) ఉంటుంది. ఐడిల్‌లో అది 17 నుంచి 21 అంగుళాల పాదరసం దాకా ఉంటుంది. గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేసి వాలులో దిగుతుంటే ఇంకా పెరుగుతుంది. పైన రాకర్ల (వాల్వుల్ని నొక్కే మీటల) కింద ఆయిల్, కింద పీల్చే పోర్టు. ఎగ్జాస్ట్ వైపు మాత్రం పోర్టులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆయిల్ అంతగా దిగదు. అందుకే అనుమానం ఎప్పుడూ ముందు ఇన్‌లెట్ మీదే పెట్టుకోవాలి.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. సన్నటి సందులోంచి ఆయిల్ పారే వేగం ఆ సందు వెడల్పు ఘనాన్ని బట్టి మారుతుంది. అంటే రెండు థౌల ఖాళీ నాలుగైతే ఆయిల్ రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు దిగుతుంది. అయిదైతే పదిహేను రెట్లు దాటుతుంది. పైగా కాడ గైడ్ మధ్యలో నిలబడకుండా ఒక పక్కకి పూర్తిగా ఒరిగితే, అదే ఖాళీలోంచి రెండున్నర రెట్ల దాకా ఎక్కువ పారుతుంది. "గైడ్లు కొంచెమే అరిగాయి" అని ఎవరైనా అంటే, ఆ కొంచెం ఎంతో కొలిచి చూపించమని అడగండి.

1. ముందు ఎంత తాగుతోందో రాసుకోండి

ఈ మెట్టు వదిలేస్తే మిగతావి చేసినా లాభం లేదు. ఇవాళ్టి లెక్క లేకపోతే రేపు బాగైందో లేదో ఎలా తెలుస్తుంది?

చదునైన చోటు ఒకటి ఎంచుకోండి. మా ఇంట్లో అది గేటు లోపలి సిమెంటు ర్యాంపు పక్కన, రెండు సుద్ద గీతల మధ్య. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ చూసి, పై గీత దాకా ఆయిల్ నింపండి. కిలోమీటర్లు రాసుకోండి. 300 కి.మీ. తిరిగాక అదే చోట, అదే వేళకి మళ్లీ పై గీత దాకా నింపండి. పోయడానికి ముందు, పోశాక డబ్బాని వంటింటి త్రాసు మీద తూచండి. ఇంజన్ ఆయిల్ మిల్లీలీటరుకి సుమారు 0.88 గ్రాములు తూగుతుంది. తేడా 264 గ్రాములు వచ్చిందనుకోండి, 300 మి.లీ. పోసినట్టు.

ఒక్కసారి కొలిచి ఊరుకోకండి. మూడుసార్లు కొలవండి. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా లేకపోతే మీ కొలత పద్ధతిలోనే ఏదో తేడా ఉంది. ఈ రోజుల్లో ఆయిల్ బ్రాండు గానీ గ్రేడు గానీ మార్చొద్దు.

2. బయటికి కారుతోందేమో చూడండి

తాగిన ఆయిల్, కారిన ఆయిల్ రెండూ డిప్‌స్టిక్ మీద ఒకేలా కనబడతాయి. ఈ ఇంజన్‌లో కారే చోట్లు తెలిసినవే: రాకర్ కవర్ కింద కార్కు గ్యాస్కెట్, ఆ కవర్ బిగించే రెండు నట్ల కింద రబ్బరు వాషర్లు, మానిఫోల్డ్ కింద దాక్కున్న రెండు టాపెట్ సైడ్ కవర్లు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కిరసనాయిలుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. అనుమానం ఉన్న చోటల్లా టాల్కం పౌడర్ పలచగా చల్లండి. ఇరవై నిమిషాలు నడిపి చూస్తే ఆయిల్ దారి తెల్ల పౌడర్ మీద నల్లటి గీతలా తేలుతుంది. చేతికి దొరికింది కదా అని ముగ్గు పిండి వాడొద్దు. అది రాతి పొడి, లోపలికి పోతే ఇంజన్‌ని అరగదీస్తుంది.

రాకర్ కవర్ నట్లు మరీ బిగిస్తే కార్కు నలిగి ఇంకా ఎక్కువ కారుతుంది.

3. బ్రీదర్ చూడండి

ముందు టాపెట్ కవర్ నుంచి ఇంజన్ లోపలి గ్యాస్ బయటికి పోయే బ్రీదర్ గొట్టం వస్తుంది. అది మడ్డితో మూసుకుపోతే క్రాంక్‌కేసులో (ఇంజన్ కింది పెట్టెలో) ఒత్తిడి పెరిగి, గ్యాస్కెట్ల దగ్గరా గైడ్ల దగ్గరా ఆయిల్‌ని బయటికి తోస్తుంది. పరీక్షకి పెద్ద ఖర్చేం లేదు. పారదర్శకమైన సన్న పైపుని ఒక చెక్కకి 'యు' ఆకారంలో కట్టి, అందులో రంగు నీళ్లు పోసి, ఒక కొసని డిప్‌స్టిక్ రంధ్రానికి గాలి చొరకుండా బిగించండి. ఇంజన్ తిరుగుతుండగా నీటి మట్టం బయటి వైపుకి గట్టిగా తోసుకుపోతుంటే గొట్టం మూసుకుపోయిందన్నమాట, లేదా రింగుల మీదుగా గ్యాస్ ఎక్కువ దిగుతోంది. గొట్టం శుభ్రం చేసి మళ్లీ చూడండి. తేడా రాకపోతే రింగుల సంగతి తేల్చాలి.

4. పిస్టన్ రింగులా, గైడ్లా?

పొరపాటు పడేది ఎక్కువగా ఇక్కడే. సిలిండర్‌లో గాలి నొక్కుకున్నప్పటి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి గైడ్‌ని చూడలేదు. కంప్రెషన్ వేళ వాల్వ్ మూసి ఉంటుంది, గైడ్ ఆ మూసిన తలుపుకి అవతల ఉంటుంది. కాబట్టి కంప్రెషన్ బాగుంటే "ఇంజన్ బాగుంది" అనుకోవద్దు. రింగులు, వాల్వ్ సీట్లు బాగున్నాయని మాత్రమే దాని అర్థం.

అయినా ఆ పరీక్ష చేయాలి, రింగుల మీద అనుమానం తీరడానికి. ఇంజన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్ కొలవండి. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. ఆయిల్ పోశాక అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయి. పెద్దగా మారకుండా, నాలుగు సిలిండర్లూ పదో వంతు తేడాలో ఉంటే రింగుల్ని వదిలేయండి.

ఇక పొగ పరీక్షలు. ఒక మనిషి తోడు కావాలి.

రాత్రంతా నిలిపిన బండిని పొద్దున స్టార్ట్ చేయించి, మీరు సైలెన్సర్ వెనక పక్కగా నిలబడండి. మొదట నీలంగా వచ్చి తగ్గిపోతే, రాత్రి గైడ్లలోంచి జారి పోర్టులో చేరిన ఆయిల్ కాలుతోంది. చలికాలంలో తెల్లగా వచ్చి గాలిలో కలిసిపోయేది ఆవిరి, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

తర్వాత వాలు. వాహనాలు లేని పొడవాటి దిగుడు రోడ్డు మీద మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి అర నిమిషం దిగి, చదునైన చోటుకి రాగానే నొక్కండి. వెనక బండిలో ఉన్నవాళ్లు ఫోన్‌లో వీడియో తీయాలి. నొక్కిన క్షణం నీలం పొగ మబ్బులా లేస్తే ఇన్‌లెట్ గైడ్లే. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, లోడు మీద ఉన్నప్పుడు ఆగకుండా పొగ వస్తుంటే రింగులు. బాబాయ్ అడిగిన "ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా" ప్రశ్న వెనక ఉన్న విషయం ఇదే. తిరుమల ఘాట్ లాంటి రద్దీ రోడ్ల మీద ఈ ప్రయోగం చేయొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

మానిఫోల్డ్‌కి వాక్యూమ్ గేజి తగిలించే చోటుంటే అదీ చూడండి. ఐడిల్‌లో ముల్లు గబగబా వణుకుతూ, వేగం పెంచితే స్థిరపడిపోతే గైడ్లు అరిగాయనడానికి అది పాత గుర్తు.

5. హెడ్ దింపడం

ఈ ఇంజన్‌లో ఒక మెలిక ఉంది. రాకర్ షాఫ్ట్ పట్టి ఉంచే నట్లలో నాలుగు హెడ్‌ని కూడా బిగించేవే. రాకర్ షాఫ్టే కదా అని ఆ నాలుగే విప్పితే హెడ్ వంకర పోయే ప్రమాదం ఉంది, నీళ్లు సిలిండర్లలోకి జారొచ్చు. ముందు రేడియేటర్, బ్లాకు నీళ్లు వదిలేసి, హెడ్ నట్లు పదకొండూ వరస ప్రకారం కొంచెం కొంచెంగా వదులు చేయాలి. పుష్ రాడ్లు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రానికే వెళ్లాలి. అట్టముక్కకి ఎనిమిది కన్నాలు పెట్టి గుచ్చుకోండి.

వాల్వులు విప్పుతుంటే ప్రతి కాడ మీద లాకుల (స్ప్రింగు కప్పుని కాడకి పట్టి ఉంచే ముక్కల) గాడికి కాస్త కింద ఒక చిన్న రబ్బరు రింగు కనబడాలి. నా బండిలో ఎనిమిదింటికి మూడే కనబడ్డాయి. వాటిలో ఒకదాన్ని గోటితో లేపబోతే వంగలేదు, అప్పడంలా ఫట్‌మని విరిగింది. వేడికి గట్టిపడి, నల్లటి గాజులా అయిపోయింది. మిగతా అయిదూ ఎప్పుడో ముక్కలై సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) పోయి ఉంటాయి.

ఆ రింగు పని చిన్నదే. కాడ వెంట, స్ప్రింగు కప్పు మధ్య రంధ్రంలోంచి ఆయిల్ కిందకి జారకుండా ఆపుతుంది. పక్కల నుంచి చిమ్మే ఆయిల్‌ని గైడ్ మీద టోపీలా కూర్చునే రేకు ఆపుతుంది. ఈ రెండూ ఆయిల్‌ని గైడ్ దాకా రానివ్వకుండా కాపలా కాస్తాయి. వచ్చేసిన ఆయిల్‌ని ఎంత దింపాలో నిర్ణయించేది గైడ్ ఖాళీ. అందుకే రెండిటినీ విడివిడిగా పరీక్షించాలి.

6. కొలతలు

కాడని మైక్రోమీటర్‌తో మూడు చోట్ల కొలవండి: గైడ్‌లోకి వెళ్లని అరగని చోట ఒకటి, గైడ్ పై అంచు తగిలే చోట ఒకటి, కింది అంచు దగ్గర ఒకటి. ప్రతి చోటా రెండు దిక్కులా. రాకర్ తోసే దిక్కులో అరుగుదల ఎక్కువ ఉంటుంది. గైడ్‌ని స్మాల్ హోల్ గేజితో కొలవాలి. రెండు కొసలూ గంట మూతిలా విచ్చుకుని మధ్యలో బాగుండటం మామూలే. అందుకే "కాడ పెట్టి ఊపితే ఆడలేదు" అన్న మాట సరిపోదు. గేజి లేకపోతే లేత్ షాపులో చేయించుకోండి, ఎనిమిది అంకెలూ కాగితం మీద రాయించుకోండి.

7. బల్ల మీద అసలు ప్రయోగం

నాకు ఇష్టమైన భాగం ఇదే. ఆదివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతుంది.

హెడ్‌ని రాకర్ల వైపు పైకి ఉండేలా రెండు చెక్క దిమ్మెల మీద పెట్టండి. వాల్వులు, స్ప్రింగులతో సహా బిగించి ఉండాలి. ఈ హెడ్‌లో ఇన్‌లెట్ పోర్టులు రెండే, ఒక్కోటి రెండు సిలిండర్లకి పనిచేస్తుంది. అంటే ఒక పోర్టుని పరీక్షిస్తే రెండు గైడ్లు ఒకేసారి లెక్కలోకి వస్తాయి. ఒకదాన్నే చూడాలంటే రెండోదాని స్ప్రింగు విప్పి, గైడ్ పై కొసని గ్రీజు, బిగుతైన రబ్బరు టోపీతో మూసేయాలి. స్ప్రింగు లేని ఆ వాల్వ్ జారిపోకుండా కింద ఒక చెక్కముక్క ఆనించండి.

పోర్టు ముఖం మీద సైకిల్ ట్యూబు రబ్బరు, దాని మీద మందపాటి ప్లాస్టిక్ పలక పెట్టి మానిఫోల్డ్ స్టడ్లకే బిగించండి. పలకకి ఒక నాజిల్, నాజిల్ నుంచి గాజు సీసాలోకి పైపు, సీసా నుంచి వాక్యూమ్ పంపుకి ఇంకో పైపు. ఏసీ మెకానిక్‌లు వాడే పంపు గానీ పాత ఫ్రిజ్ కంప్రెసర్ గానీ సరిపోతుంది. గేజి తప్పనిసరి. వాక్యూమ్ 20 అంగుళాల దగ్గర నిలపండి. పోర్టులో వాక్యూమ్ ఉంటే బయటి గాలి వాల్వ్ తలని సీటు మీదకి ఇంకా గట్టిగా అదుముతుంది. సీటు అంచుకి చాంబర్ వైపు నుంచి కొంచెం గ్రీజు రాస్తే అక్కడి లీకు లెక్కలోకి రాదు.

ఆయిల్ సంగతి జాగ్రత్త. 20డబ్ల్యూ50 ఆయిల్ గది వేడిలో చిక్కగా ఉంటుంది, ఇంజన్ వేడెక్కాక నీళ్లలా పలచబడుతుంది. బల్ల మీద అదే ఆయిల్ వాడితే అరిగిన గైడ్ కూడా మంచిదే అనిపిస్తుంది. దానికి బదులు కుట్టు మిషన్ ఆయిల్ వాడండి. గది వేడిలో దాని పలచదనం, వేడి ఇంజన్ ఆయిల్‌కి దగ్గరగా ఉంటుంది.

మొదటి పరీక్ష గైడ్‌కి. దీనికి ఆ వాల్వ్ స్ప్రింగు, టోపీ రేకు తీసేసి, వాల్వ్‌ని చేత్తో సీటు మీదకి లాగి పట్టుకుంటే వాక్యూమే దాన్ని పట్టి ఉంచుతుంది. పంపు ఆగితే పడిపోతుంది కాబట్టి దీనికింద కూడా ఒక చెక్క ఉంచండి. గైడ్ చుట్టూ ప్లాస్టిక్ గొట్టం ముక్కని గ్రీజుతో నిలబెట్టి, గైడ్ అంచు మునిగేలా ఆయిల్ పోయండి. పది నిమిషాలు ఆగండి. తర్వాత పోర్టు లోపల టిష్యూ కాగితంతో తుడిచి, కాగితాన్ని ముందూ తర్వాతా నగల త్రాసు మీద తూచండి. సీసాలోకి చేరింది కూడా కలపండి.

రెండో పరీక్ష రబ్బరు రింగుకి. అన్నీ మామూలుగా బిగించి, సెలైన్ సెట్టుతో వాల్వ్ కొస మీద నిమిషానికి పది చుక్కల చొప్పున ఆయిల్ పడేలా చేయండి. చక్రం తిప్పి చుక్కలు లెక్కపెట్టడం ఎవరికైనా వచ్చేస్తుంది. పది నిమిషాల తర్వాత మళ్లీ తుడిచి తూచండి. ఇది ముందు పాత రింగుతో, తర్వాత రింగు లేకుండా, తర్వాత కొత్త రింగుతో చేయండి. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. ప్రతి పరీక్షా రెండేసి సార్లు.

కొత్త రింగుతో బాగా తగ్గి, గైడ్ ఖాళీ పుస్తకం చెప్పిన హద్దులోనే ఉంటే మీ అదృష్టం, రబ్బరు రింగులు మార్చి హెడ్ ఎక్కించేయొచ్చు. మొదటి పరీక్షలో ఒక గైడ్ మిగతావాటికంటే చాలా ఎక్కువ దింపితే రింగు మార్చినా కొన్నాళ్లే.

8. గైడ్లు మార్చడం

ఇది లేత్ షాపు పని, కానీ దగ్గరుండాలి. పాత గైడ్ కొట్టేముందు స్ప్రింగు కూర్చునే చోటు నుంచి అది ఎంత పైకి ఉందో కొలిచి రాసుకోండి. పాతవి చాంబర్ వైపుకి దిగాలి, కొత్తవి పైనుంచి వెళ్లాలి. వేశాక రీమర్‌తో ఖాళీ సరిచేయించి, సీటు మళ్లీ కోయించాలి. కొత్త గైడ్ వెంట్రుకవాసి పక్కకి కూర్చున్నా పాత సీటు కుదరదు. ఆ తర్వాతే గ్రైండింగ్ పేస్టు.

ఖాళీ మరీ తగ్గించమని అడగొద్దు. గైడ్‌కి కొంచెం ఆయిల్ కావాలి. ఇన్‌లెట్‌కి హద్దులో కింది అంచు దగ్గర, ఎగ్జాస్ట్‌కి మధ్యలో ఉంచడం నాకు సరిపోయింది. ఇప్పుడొచ్చే లిప్ సీళ్లు (గైడ్ కొసన కూర్చుని కాడని చుట్టి పట్టే రబ్బరు సీళ్లు) వేయిద్దామంటే ఇన్‌లెట్‌కి మాత్రమే వేయించండి. వాల్వ్ పూర్తిగా దిగినప్పుడు సీలుకీ స్ప్రింగు కప్పుకీ మధ్య 2 మి.మీ. తగ్గకుండా ఖాళీ ఉండాలి. లిప్ సీలు వేసిన చోట పాత రబ్బరు రింగు మళ్లీ వేయొద్దు, కాడ ఎండిపోతుంది.

9. రబ్బరు రింగు ఎక్కించే తీరు

చాలా షెడ్లలో తప్పు జరిగేది ఇక్కడే. రింగు ముందు ఎక్కించేసి తర్వాత స్ప్రింగు నొక్కితే, కప్పు దాన్ని కిందకి ఈడ్చేస్తుంది, లేదా కోసేస్తుంది. వరస ఇలా ఉండాలి: రింగుల్ని కాసేపు ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టండి. వాల్వ్, టోపీ రేకు, స్ప్రింగు, కప్పు పెట్టి వాల్వ్ స్ప్రింగు నొక్కే పనిముట్టుతో స్ప్రింగు పూర్తిగా నొక్కండి. ఇప్పుడు గాడి కప్పు పైకి కనబడుతుంది. రింగుని కాడ కొస మీదుగా జార్చి, గాడికి కాస్త కింద మెలిక లేకుండా కూర్చోబెట్టండి. ఆ తర్వాత లాకులు పెట్టి మెల్లగా వదలండి. వేడికి తట్టుకునే వైటన్ రింగులు దొరికితే నైట్రైల్ వాటికంటే మేలు. పాత రింగు బాగుందనిపించినా మళ్లీ వాడొద్దు.

హెడ్ ఎక్కించాక రాకర్ కవర్ వేయకముందే ఐడిల్‌లో నిమిషం నడిపి చూడండి. రాకర్ బుష్‌లు అరిగి ఉంటే ఆయిల్ ధారలా పొంగి హెడ్ మీద మడుగు కడుతుంది. అలా ఉంటే కొత్త గైడ్ల మీద కూడా భారం పడుతుంది. పుష్ రాడ్ల రంధ్రాల చుట్టూ మడ్డి ఉంటే గీకి తీసేయండి, ఆయిల్ తిరిగి సంపుకి పోయే దారి అదే.

10. మళ్లీ అదే గీతల మధ్య

మొదటి 500 కి.మీ. తర్వాత హెడ్ నట్లు పుస్తకంలో ఉన్న టార్కుకి మరోసారి బిగించి, టాపెట్లు సరిచూసుకోండి. తర్వాత అదే సిమెంటు చోటు, అదే వేళ, అదే బ్రాండు ఆయిల్, అదే 300 కి.మీ., మూడుసార్లు. వాలు పరీక్ష కూడా అదే రోడ్డు మీద, అదే గేరులో చేసి పాత వీడియో పక్కన పెట్టి చూడండి. కొలిచిన కాగితం నేను డిక్కీ మూతకి లోపలి వైపు అంటించేశాను. తర్వాత ఏ మెకానిక్ బోరు మాట ఎత్తినా, డిక్కీ తెరిచి చూపిస్తాను.